గర్భిణుల్లో మధుమేహం: మన అలవాట్లలో మార్చుకోదగినవి ఏవి?

చీపురుపల్లి కోడలు:

సభ్యులందరికీ నమస్కారం. నా వయస్సు ఇరవై ఎనిమిది. ఇది తొలి కాన్పు, ఐదో నెల నడుస్తోంది. మా అమ్మకు చాలా ఏళ్లుగా మధుమేహం ఉంది. గర్భం రాకముందు నా బరువు 58 కిలోలు, ఎత్తు ఐదు అడుగులు. ఇంటి నుంచే కంప్యూటరు మీద పనిచేస్తాను కాబట్టి ఉదయం కూర్చుంటే సాయంత్రం దాకా కుర్చీ వదలడం అరుదు. మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు గ్లూకోజు తాగించి చేసిన పరీక్షలో 118 వచ్చింది. ప్రస్తుతానికి ఇబ్బంది లేదని, ఇరవై నాలుగో వారం దాటాక మళ్లీ చేయించుకోవాలని చెప్పారు.

ఈలోగా నా రోజువారీ అలవాట్లలో ఏవి గర్భకాల మధుమేహం ప్రమాదాన్ని పెంచుతాయో, వాటిలో నా చేతిలో ఉన్నవేవో తెలుసుకోవాలని ఉంది. ఇంట్లో మాత్రం తలో మాట చెబుతున్నారు. మా అమ్మ మంచం దిగవద్దంటుంది, ఆడపడుచు అన్నం పూర్తిగా మానేయమంటుంది, అత్తగారు ఇద్దరి తిండి తినమంటారు. అనుభవం ఉన్నవారు, వైద్యరంగంలో ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

పాలకొండ విశ్రాంత నర్సు:

అమ్మా, ముందు ఈ జబ్బు ఎలా వస్తుందో తెలిస్తే మిగిలిన సలహాలలో ఏది పనికొస్తుందో మీరే తేల్చుకోగలరు. గర్భం పెరిగే కొద్దీ మాయ నుంచి కొన్ని హార్మోన్లు తల్లి రక్తంలోకి వస్తాయి. బిడ్డకు ఆహారం నిరంతరం అందాలన్న ఏర్పాటులో భాగంగా అవి తల్లి శరీరంలో ఇన్సులిన్ పనిని కొంత అడ్డుకుంటాయి. ఇది ప్రతి గర్భిణిలోనూ జరిగేదే, సగం నెలలు దాటాక బాగా హెచ్చుతుంది కూడా. క్లోమగ్రంథి ఆ మేరకు ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసి నెట్టుకు రాగలిగితే చక్కెర అదుపులోనే ఉంటుంది, రాలేకపోతే పెరుగుతుంది. అందుకే ఇరవై నాలుగు నుంచి ఇరవై ఎనిమిది వారాల మధ్య రెండో పరీక్ష చేస్తారు. మొదటి పరీక్షలో మీకు 118, అంటే జబ్బుగా లెక్కించే 140కి లోపు, రావడం మంచిదే, అయితే అది రెండో పరీక్షకు బదులు కాదు.

మార్చలేని కారణాలు కొన్ని ఉన్నాయి: తల్లిదండ్రులకు మధుమేహం ఉండటం, వయస్సు, ముందు కాన్పులో ఇదే సమస్య రావడం, అండాశయాల్లో నీటితిత్తుల సమస్య ఉండటం. మార్చుకోదగిన వాటిలో అన్నిటికన్నా బరువైనది గర్భానికి ముందున్న శరీర బరువు. కిలోల బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె భారతీయులకు 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా లెక్కిస్తారు. మీ లెక్క దాదాపు 25 దగ్గర ఉంది. అలాగని ఇప్పుడు బరువు తగ్గడానికి పూనుకోవడం తగదు. పెరుగుదల ఒక్కసారిగా కాకుండా నెలనెలా నిదానంగా ఉండేలా చూసుకోవాలి. ముఖ్యంగా తొలి మూడు నెలల్లోనే బాగా బరువు పెరిగినవారికి ఈ ప్రమాదం ఎక్కువగా కనిపిస్తుంది.

మీ అమ్మగారి మాట విషయానికి వస్తే, రక్తస్రావమో, మాయ కిందికి ఉండటమో, గర్భాశయ ముఖద్వారానికి కుట్టు వేయడమో, రక్తపోటు ఎక్కువగా ఉండటమో జరిగితే తప్ప ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి మంచం పట్టి ఉండవలసిన అవసరం లేదు. నా ఉద్యోగకాలంలో పుట్టింటికి వచ్చాక నెలల తరబడి కదలనివ్వని ఆడపిల్లలను ఎందరినో చూశాను. ప్రేమ కొద్దీ చేసే పనే అయినా చక్కెర విషయంలో అది మేలు చేయదు.

శృంగవరపుకోట రైతు:

మా నాయనమ్మ మూడు పూటలా అన్నమే తిన్నది, పొద్దున తరవాణి తాగింది, తొమ్మిది మంది పిల్లలను కన్నది. ఆమెకు చక్కెర జబ్బు అనే పేరే తెలియదు. ఇప్పుడు అన్నం మీద నింద వేయడం నాకు సబబుగా తోచడం లేదు.

విజయనగరం పోషకాహార నిపుణురాలు:

రైతు గారూ, మీ నాయనమ్మగారు తిన్న అన్నం వేరు, దాని వెనక ఉన్న పని వేరు. రోట్లో దంచిన బియ్యంలో తవుడు పొర కొంత మిగిలేది. ఆకుమళ్లు తీయడం, ఊడ్పులు, నీళ్లు మోయడం, పిండి విసరడం వంటి పనులకు కండరాలు గ్లూకోజును ఎప్పటికప్పుడు వాడుకునేవి. అప్పట్లో ఈ పరీక్షే లేదు కాబట్టి ఎవరికి ఉండేదో ఎవరికి లేదో చెప్పడానికి ఆధారం కూడా లేదు. పుట్టీ పుట్టగానే పోయిన పిల్లల సంగతి ఆ తరంవారు ఎంత తక్కువగా మాట్లాడేవారో మీకు తెలియనిది కాదు.

అయితే ఆడపడుచుగారు చెప్పినట్లు అన్నం పూర్తిగా మానడం నేను ఒప్పుకోను. గర్భిణికి పిండిపదార్థం కావాలి. అసలు చిక్కు మన ఇళ్లలో కంచం సర్దుకునే తీరులో ఉంది. నేను సంప్రదింపులకు వచ్చిన వారిని నిన్న మధ్యాహ్నం తిన్న కంచాన్ని కాగితం మీద గీసి చూపించమని అడుగుతాను. దాదాపు ప్రతిసారీ వచ్చే బొమ్మ ఒకటే. కంచం నిండా తెల్లటి అన్నం, చారు కోసం మధ్యలో చేసిన గుంట, ఒక మూలన పెద్ద చెంచాడు కూర, అంచున ఆవకాయ. చివర్లో మజ్జిగ కోసం మళ్లీ ఒక గరిటె అన్నం. పప్పు ఉన్నా అది అన్నం కలుపుకోవడానికి చాలినంతే. ఇలా తింటే ఒకే పూట వంద గ్రాములకు పైగా పిండిపదార్థం లోపలికి వెళుతుంది. ఒక చిన్న కప్పు అన్నంలోనే సుమారు నలభై గ్రాములు ఉంటుంది మరి.

నేను సూచించే మార్పు ఇది. కంచంలో సగం భాగం ఆకుకూర, బీర, ఆనప, దొండ, బెండ వంటి కూరగాయలు. పావు భాగం గట్టి పప్పు, గుడ్డు, చేప, ఉలవలు లేదా శనగలు. మిగిలిన పావులో అన్నం. ముందుగా కూర, పప్పు కొంత తిని తరువాత అన్నం అందుకుంటే భోజనానంతరం చక్కెర అంత వేగంగా పెరగదు. మూడు పెద్ద భోజనాల బదులు మూడు మితమైన భోజనాలు, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లు పెట్టుకోవడం మంచిది. చిరుతిండి అంటే బిస్కెట్లు, మురుకులు కాదు. ఉడికించిన శనగలు, గుప్పెడు వేరుసెనగలు, ఒక జామకాయ, పెరుగు వంటివి.

అత్తగారి ‘ఇద్దరి తిండి’ గురించి ఒక మాట. కడుపులో ఉన్న రెండో ప్రాణికి మొదటి మూడు నెలల్లో అదనపు ఆహారం దాదాపు అక్కరలేదు. ఆ తరువాత కావలసినది కూడా రోజుకు ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, గుప్పెడు పప్పు దినుసులతో చాలావరకు సరిపోతుంది.

కాశీబుగ్గ సభ్యురాలు:

మా పలాస, కాశీబుగ్గ ప్రాంతంలో జీడిపప్పు పనికి వెళ్లే ఆడవారి పరిస్థితి కూడా ఈ చర్చలో రావాలని రాస్తున్నాను. పని కష్టమే గానీ అది ఒకే చోట కూర్చుని చేసే కష్టం. పీట మీదో బల్ల ముందో కూర్చుని గింజ కొట్టడం, పొర తీయడం, పప్పును రకాలుగా వేరు చేయడం. చేతులు ఆడుతూనే ఉంటాయి, కాళ్లు మాత్రం కదలవు. కిలోల లెక్కన కూలి కాబట్టి మధ్యలో లేవడానికి ఎవరూ ఇష్టపడరు. అలసట తీరడానికి రెండు మూడు సార్లు చిక్కగా చక్కెర వేసిన టీ, దానితో పాటు బన్ను. ఇంటికి వచ్చేసరికి ఆకలి మీద రాత్రి భోజనం భారీగా ఉంటుంది. మాది కాయకష్టం, మాకు నడక అక్కరలేదని వారు అనుకుంటారు. ఈ అభిప్రాయం ఎంతవరకు సరైనది?

పాలకొండ విశ్రాంత నర్సు:

కాశీబుగ్గ చెల్లీ, మంచి ప్రశ్న వేశారు. ఒంట్లోని గ్లూకోజును ఎక్కువగా వాడుకునేవి తొడలు, పిక్కలు, పిరుదులలోని పెద్ద కండరాలు. వేళ్లు ఎంత ఆడినా ఆ కండరాలు పనిచేసినట్లు కాదు. కాబట్టి అలసట ఉన్నంత మాత్రాన వ్యాయామం జరిగిందనుకోకూడదు. అలాంటి పనిలో ఉన్న గర్భిణి గంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం, అన్నం తిన్న వెంటనే పది పదిహేను నిమిషాలు నడవడం వల్ల ప్రయోజనం ఉంటుంది. భోజనానంతరం నడిచే ఆ కొద్ది నిమిషాలు, తెల్లవారుజామున లేచి చేసే సుదీర్ఘమైన నడక కంటే చక్కెర విషయంలో ఎక్కువ ఉపయోగపడతాయని నా అభిప్రాయం. మొత్తం మీద వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ గర్భిణులకు కూడా సిఫారసు చేసిన కొలతే. నడుస్తూ మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగం ఉంటే చాలు.

చీపురుపల్లి అమ్మాయి కుర్చీ ఉద్యోగానికీ ఇదే వర్తిస్తుంది. ఫోను వచ్చినప్పుడల్లా లేచి నడుస్తూ మాట్లాడమని చెబుతాను. వేసవిలో మన దగ్గర తొమ్మిది దాటితే బయట అడుగు పెట్టలేము కాబట్టి వరండాలోనో మేడ మీదనో సాయంత్రం పూట నడిచినా ఫలితం ఒకటే.

రణస్థలం ఉద్యోగి:

నేను, నా భార్య ఇద్దరమూ పైడిభీమవరం వైపు పరిశ్రమల్లో పనిచేస్తాము. ఆమె నాలుగో నెల వరకు రాత్రి షిఫ్టులు కూడా చేసింది. నిద్రకు, చక్కెరకు సంబంధం ఉందని ఎక్కడో చదివాను. అది నిజమేనా, లేక ప్రతిదానికీ నిద్ర పేరు చెప్పడం ఈ మధ్య వాడుకగా మారిందా?

విజయనగరం పోషకాహార నిపుణురాలు:

సంబంధం ఉందనే అధ్యయనాలు చెబుతున్నాయి. రోజుకు ఆరు గంటలకు తక్కువగా నిద్రపోయే గర్భిణుల్లో, గట్టిగా గురక పెట్టేవారిలో గర్భకాల మధుమేహం ఎక్కువగా కనిపించింది. నిద్ర చాలకపోతే ఒత్తిడి హార్మోన్లు పెరిగి ఇన్సులిన్ పనిని ఇంకొంత తగ్గిస్తాయి, పైగా తీపి మీదికి, వేపుళ్ల మీదికి మనసు పోతుంది. అర్ధరాత్రి రెండు గంటలకు క్యాంటీన్లో తినే పులిహోర, పగటిపూట తిన్న అదే పులిహోర కంటే చక్కెరను ఎక్కువగా పెంచగలదు. అయితే శరీర బరువు, కదలిక, ఆహారం అనే మూడింటితో పోలిస్తే నిద్రను గురించిన ఆధారం కొంచెం పలచనిదే. వీలుంటే వైద్యుల చీటీ చూపించి పగటి షిఫ్టు అడగండి.

టెక్కలి సభ్యురాలు:

అందరూ బరువు గురించే మాట్లాడుతున్నారు. గర్భం వచ్చేనాటికి నేను 46 కిలోలు. గాలి వీస్తే పడిపోతావని నన్ను ఆటపట్టించేవారు. అయినా నాకు ఆరో నెలలో మధుమేహం వచ్చింది. ‘ఇంత సన్నగా ఉన్నదానికి చక్కెర ఏమిటి, పరీక్ష తప్పు అయ్యుంటుంది’ అని మా ఇంట్లో రెండు వారాలు మందు మొదలుపెట్టనివ్వలేదు.

విశాఖలో చదువుతున్న రాజాం విద్యార్థి:

టెక్కలి అక్కా, మీకు జరిగింది మన దేశంలో అరుదైన విషయం కాదు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఛాయాచిత్రం అచ్చయింది. అందులో ఇద్దరు వైద్యశాస్త్రజ్ఞులు పక్కపక్కన ఉంటారు: పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండ్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి ఎత్తు బరువుల సూచిక ఒకటే, 22.3. ఒంట్లోని కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మా తరగతిలో ఈ చిత్రం చూపించినప్పుడు చాలామంది తమ పొట్టలు తడుముకున్నారు. భారతీయులలో కండ తక్కువ, పొట్ట చుట్టూ లోలోపల చేరే కొవ్వు ఎక్కువ కావడం వల్ల తూకంలో సన్నగా కనిపించేవారికీ ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవచ్చు. అందుకే మన దేశంలో లావుగా ఉన్నవారికి మాత్రమే అని కాకుండా గర్భిణులందరికీ పరీక్ష చేయాలని కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య ఈ విషయమై దశాబ్దాల పాటు కృషి చేశారు. ఆయన పుట్టినరోజైన మార్చి 10ని మన దేశంలో గర్భకాల మధుమేహ అవగాహన దినంగా పాటిస్తున్నారు.

నరసన్నపేట అంగన్‌వాడీ కార్యకర్త:

నాది ఆచరణలో ఎదురయ్యే ఇబ్బంది. గర్భిణులకు ఇంటికిచ్చే సరుకుల్లో కొంతకాలంగా రాగి పిండి, అటుకులు, బెల్లం, వేరుసెనగ చిక్కీ, ఎండు ఖర్జూరం వంటివి ఉంటున్నాయి. రక్తహీనత ఉన్నవారికి ఇవి మంచివని మేమే చెబుతాము. చక్కెర ఉందని తేలినవారు వచ్చి ‘ఇవి తినవచ్చా’ అని అడిగితే ఏమని చెప్పాలి? బెల్లం చక్కెర కాదు కదా అని కొందరు, చోడి (రాగి) జావ ఎంత తాగినా ఫర్వాలేదని మరికొందరు వాదిస్తున్నారు.

విజయనగరం పోషకాహార నిపుణురాలు:

బెల్లంలో కొద్దిగా ఇనుము, ఖనిజాలు ఉన్న మాట నిజమే గానీ అందులో అత్యధిక భాగం చక్కెరలో ఉండే పదార్థమే. రక్తంలో గ్లూకోజును పెంచే విషయంలో అనకాపల్లి బెల్లానికీ, కొట్లో కొన్న పంచదారకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. చక్కెర ఉందని తేలినవారు బెల్లం, చిక్కీ, ఖర్జూరం ఇంట్లో మిగిలినవారికి ఇచ్చేసి, ఇనుము కోసం మాత్రలు, మునగాకు, తోటకూర, ఉలవలు, గుడ్లు, చేపల మీద ఆధారపడటం మంచిది.

చోడి గురించి కాస్త నిదానంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే మన ప్రాంతంలో దీన్ని మందులాగా చూస్తారు. కాల్షియం విషయంలో చోడికి సాటి వచ్చే ధాన్యం లేదు. వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. పీచు కూడా తెల్లబియ్యం కంటే బాగా ఎక్కువ. అయితే వంద గ్రాముల చోడి పిండిలో సుమారు డెబ్భై గ్రాములు పిండిపదార్థమే. పైగా మెత్తగా మర ఆడించి, జల్లించి, పలచగా జావ కాచితే నమలవలసిన పని లేకుండా గొంతు దిగిపోయి త్వరగా అరిగిపోతుంది. అందులో బెల్లం కూడా కలిపితే చక్కెర పరీక్షకు వాడే గ్లూకోజు నీళ్లకు దగ్గరి చుట్టమే అవుతుంది. అదే చోడి పిండితో మునగాకు, ఉల్లిపాయ కలిపి రొట్టె చేసుకుని పప్పుతో తింటే నిదానంగా అరుగుతుంది. అంబలి తాగాలనే ఉంటే చిన్న గ్లాసుతో, బెల్లం లేకుండా, మజ్జిగ కలిపి తాగవచ్చు. గంటెలు (సజ్జలు), సామలు, కొర్రలకూ ఇదే సూత్రం. అన్నానికి బదులుగా తినాలి, అన్నంతో పాటు అదనంగా కాదు.

తాగే వాటి గురించి ఎవరూ అడగలేదు గానీ నా దృష్టిలో అది పెద్ద విషయం. అమెరికాలో నర్సులను ఏళ్ల తరబడి గమనించి 2009లో ప్రకటించిన అధ్యయనంలో, గర్భానికి ముందు వారానికి ఐదు లేదా అంతకంటే ఎక్కువ సార్లు తీపి కోలా తాగినవారికి గర్భకాల మధుమేహం 22 శాతం ఎక్కువగా వచ్చింది. మూడు వందల మిల్లీలీటర్ల సీసాలో ఇంచుమించు ముప్పై గ్రాముల చక్కెర ఉంటుంది. వాంతులయ్యే నెలల్లో నీరసం తగ్గుతుందని ఇలాంటివి, పెట్టె పళ్లరసాలు, పాలలో కలిపే తీపి పొడులు అలవాటు చేసుకుని, వాంతులు తగ్గాక కూడా మానలేనివారు ఎందరో ఉన్నారు. మజ్జిగ, నిమ్మరసంలో ఉప్పు, కొబ్బరినీళ్లు పరిమితంగా వాడుకోవచ్చు.

ఏడో నెలలో వచ్చే సూడిదల గురించి కూడా చెప్పకుండా ఉండలేను. చలిమిడి, అరిసెలు, సున్నుండలు, బూరెలు ఒక్కో చుట్టం ఇంటి నుంచి ఒక్కో గంపెడు వచ్చేది సరిగ్గా ఇన్సులిన్ పని మందగించే కాలంలోనే. తెచ్చినవారి మనసు నొప్పించకుండా ఒక ముక్క నోట్లో వేసుకుని మిగతావి పంచిపెట్టడమే మార్గం.

మందస సభ్యుడు:

ఒక అనుమానం. 140 వస్తే జబ్బు, 138 వస్తే జబ్బు లేదు అనడం ఏమిటి? గీత ఎక్కడ గీయాలో వారే నిర్ణయించి, మందులు అమ్ముకోవడానికి గర్భిణులందరినీ రోగులుగా మారుస్తున్నారని నాకు అనిపిస్తుంది.

విశాఖలో చదువుతున్న రాజాం విద్యార్థి:

గీత గురించి మీరు అడిగినది న్యాయమైన ప్రశ్నే. తొమ్మిది దేశాలలో పాతిక వేలకు పైగా గర్భిణులను పరిశీలించి 2008లో వెల్లడించిన హాపో అధ్యయనం కూడా ఇదే చెప్పింది. తల్లి రక్తంలో చక్కెర పెరిగే కొద్దీ బిడ్డ బరువు మితిమీరడం, సిజేరియన్ అవసరం కావడం క్రమంగా పెరుగుతూ పోయాయే తప్ప, ఇక్కడి నుంచే ప్రమాదం అని చెప్పగలిగే మెట్టు ఏదీ కనబడలేదు. కనుకనే వేర్వేరు సంస్థలు వేర్వేరు అంకెలు పెట్టుకున్నాయి. ఖాళీ కడుపుతో 92, రెండు గంటలకు 153 అనే లెక్క కూడా వాడుకలో ఉంది. మన ప్రభుత్వం ఒకే పరీక్ష, ఒకే అంకె ఉన్న పద్ధతిని ఎంచుకుంది.

అలాగని చికిత్స అనవసరం అనలేము. తల్లి గ్లూకోజు మాయ దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ చేరదు. దానితో బిడ్డ తన క్లోమం నుంచే ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసుకుని ఒళ్లు పెంచుకుంటుంది. పుట్టి బొడ్డు కోయగానే గ్లూకోజు సరఫరా ఆగిపోయి, ఇన్సులిన్ మాత్రం మిగిలి ఉండటం వల్ల బిడ్డకు చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆస్ట్రేలియాలో వెయ్యిమంది తల్లులపై జరిగి 2005లో వెలువడిన పరిశోధనలో, చికిత్స పొందినవారి పిల్లల్లో తీవ్రమైన సమస్యలు 4 శాతం నుంచి 1 శాతానికి తగ్గాయి. మందుల అమ్మకం గురించి మీ అనుమానానికి జవాబు మన మార్గదర్శకాల్లోనే ఉంది. మొదటి రెండు వారాలు ఆహారం, నడకతోనే ప్రయత్నిస్తారు. అప్పటికీ భోజనమైన రెండు గంటలకు చక్కెర 120కి తగ్గకపోతేనే మందు. చాలామందికి ఆ అవసరమే రాదు.

పార్వతీపురం ల్యాబ్ టెక్నీషియన్:

పరీక్ష గురించి కొన్ని విషయాలు. 75 గ్రాముల గ్లూకోజు పొట్లం సుమారు మూడు వందల మిల్లీలీటర్ల నీటిలో కలిపి ఇస్తాము, ఐదు పది నిమిషాల్లో తాగేయాలి. పరగడుపున రావలసిన పని లేదు, తిని వచ్చినా చేస్తాము. రెండు గంటలకు రక్తం తీస్తాము. ఈ రెండు గంటలూ కూర్చోలేక బజారు పని చూసుకుని వస్తామని వెళ్లేవారు, దారిలో టీ తాగేవారు, నాలుగో గంటకు తిరిగి వచ్చేవారు ఉంటారు. అలా వచ్చిన అంకెకు విలువ లేదు. తాగిన అరగంటలోపు వాంతి అయితే మరో రోజు మళ్లీ చేయాలి, అరగంట దాటాక అయితే పరీక్ష కొనసాగించవచ్చు.

మూత్రంలో చక్కెర చూసి నిర్ణయించవద్దు. గర్భిణుల్లో రక్తంలో చక్కెర మామూలుగా ఉన్నా మూత్రంలోకి రావచ్చు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష కూడా మన దగ్గర మోసం చేయగలదు, ఎందుకంటే ఇనుము లోపం ఉంటే అది ఎక్కువగా చూపించవచ్చు, ఏజెన్సీ గ్రామాల్లో కనిపించే సికిల్‌సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తకణాల జబ్బు) ఉన్నవారిలో అసలు నమ్మదగదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, ఆ రోజు రావచ్చు.

సోంపేట సభ్యురాలు:

మాది ఉద్దానం. కిడ్నీ జబ్బు లేని వీధి మా దగ్గర లేదు. ఆహారంతో అదుపులోకి రాకపోతే మా చెల్లికి మెట్‌ఫార్మిన్ బిళ్లలు ఇస్తామన్నారు. భయంగా ఉంది.

పాలకొండ విశ్రాంత నర్సు:

భయపడకుండా ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించమని అడగండి. కిడ్నీలు బాగా పనిచేస్తున్నవారికి ఆ బిళ్ల వల్ల కిడ్నీ చెడదు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవారికి మాత్రం ఆ మందు ఇవ్వకూడదు. మీది ఉద్దానమని, ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉంటే ఆ సంగతి కూడా వైద్యులకు చెప్పండి. ఇన్సులిన్ ఉండనే ఉంది, అది బిడ్డకు చేరదు. కాన్పు కాగానే చాలామందికి ఆపేస్తారు, కనుక జీవితాంతం సూదులు తప్పవన్న భయం అక్కరలేదు.

గార తీరప్రాంత సభ్యుడు:

మా ఊళ్లలో పెద్దవయసు ఆడవారు అడ్డపొగ తాగుతారు, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. గర్భిణులు తాగడం ఇప్పుడు తక్కువే గానీ ఒకే గదిలో అమ్మమ్మ వదిలే పొగను పీలుస్తూ ఉంటారు. దీనికీ చక్కెరకూ సంబంధం ఉందా?

పాలకొండ విశ్రాంత నర్సు:

పొగాకు ఇన్సులిన్ పనిని తగ్గిస్తుంది. పొగ తాగడానికీ గర్భకాల మధుమేహానికీ ఉన్న సంబంధం గురించి అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. కానీ బిడ్డ బరువు తగ్గడం, నెలలు నిండకుండా పుట్టడం మాత్రం రూఢి అయిన విషయాలు. అమ్మమ్మగారిని అరుగు మీద కూర్చుని తాగమని అడగడంలో తప్పు లేదు.

టెక్కలి సభ్యురాలు:

ఇంతసేపు అలవాట్ల గురించి చదివాక ఒకటి అడగాలనిపిస్తోంది. నాకు చక్కెర వచ్చిందని తెలియగానే మా అత్తగారింట్లో ‘ఏం తిన్నావో, అందుకే వచ్చింది’ అన్నారు. బిడ్డ 3.8 కిలోలతో పుట్టి రెండు రోజులు అద్దాల పెట్టెలో ఉంటే ఆ మాట మళ్లీ వచ్చింది. ఇది నిజంగా తల్లి చేజేతులా తెచ్చుకునే జబ్బేనా?

విజయనగరం పోషకాహార నిపుణురాలు:

కాదు. పైన చెప్పిన నర్సుల సమూహం మీదనే 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మరో విశ్లేషణ వచ్చింది. పొగ తాగకపోవడం, వారానికి 150 నిమిషాల శ్రమ, మంచి ఆహారం, గర్భానికి ముందు తగిన బరువు అనే నాలుగూ అందరికీ ఉండి ఉంటే గర్భకాల మధుమేహం కేసుల్లో దాదాపు సగం తప్పి ఉండేవని అందులో లెక్క కట్టారు. అంటే నాలుగూ సక్రమంగా ఉన్నా మిగిలిన సగం వచ్చేవే. ఆ సగానికి వంశం, మాయ హార్మోన్లు, వయస్సు, తల్లి తన తల్లి కడుపులో ఉన్నప్పటి పోషణ వంటివి కారణం. మీరు 46 కిలోల మనిషి, మీకు ఎవరు ఏ అలవాటు అంటగడతారు?

మొదటి సగం కూడా తల్లి ఒక్కదాని చేతిలో లేదు. ఇంట్లో ఏ బియ్యం కొనాలో, కూరగాయలకు ఎంత ఖర్చు పెట్టాలో, కోడలు సాయంత్రం వీధిలో నడవవచ్చో లేదో, రాత్రి ఎన్ని గంటలకు పడుకోవచ్చో నిర్ణయించేది చాలా ఇళ్లలో ఆమె కాదు. అందరూ తిన్నాక అడుగున మిగిలిన అన్నం, కాస్త చారుతో సరిపెట్టుకునే కోడలికి కూరగాయలు సగం కంచం తినమని నేను చెబితే అది ఎవరికి చెప్పినట్లు? అందుకే సంప్రదింపులకు అత్తగారినో భర్తనో వెంట తీసుకురమ్మంటాను.

చీపురుపల్లి కోడలు:

అందరికీ ధన్యవాదాలు. మా అత్తగారికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. కూర రెట్టింపు వండడానికి ఆవిడ ఒప్పుకున్నారు, బెల్లం సంగతి మాత్రం నమ్మలేదు. భోజనం తరువాత నడక మొదలుపెట్టాను.

బొబ్బిలి సభ్యురాలు:

చివరిగా నాది ఒక ప్రశ్న. కాన్పు అయి నెల దాటింది. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పటికే చక్కెర మామూలుగా ఉందన్నారు, మందు కూడా ఆపేశారు. ఇంకా పరీక్షలు అవసరమా?

పార్వతీపురం ల్యాబ్ టెక్నీషియన్:

అవసరం. కాన్పు అయిన ఆరు వారాలకు మళ్లీ 75 గ్రాముల గ్లూకోజుతో పరీక్ష చేయించుకోవాలి. ఈసారి పరగడుపున రండి, ఎందుకంటే ముందు ఒకసారి, తాగిన రెండు గంటలకు మరోసారి రక్తం తీస్తారు. పరగడుపున 126 లేదా రెండు గంటలకు 200 దాటితే మధుమేహం ఉన్నట్లు; రెండు గంటలకు 140 నుంచి 199 మధ్య వస్తే అంచున ఉన్నట్లు. గర్భకాలంలో చక్కెర వచ్చిన స్త్రీలకు ఆ తరువాతి జీవితంలో మధుమేహం వచ్చే అవకాశం మిగిలినవారికంటే కనీసం ఏడు రెట్లు ఎక్కువని 2009లోనే తేలింది. ఈసారి మామూలుగా వచ్చినా తరువాత కూడా క్రమం తప్పకుండా చూపించుకోవాలి, మళ్లీ గర్భం అనుకున్నప్పుడు ముందే చూపించుకోవాలి. ఆరు వారాలకు బిడ్డకు టీకాలు వేయించడానికి ఎలాగూ వస్తారు కాబట్టి రెండూ ఒకే రోజు పెట్టమని మీ ఏఎన్ఎంను అడగండి. రెండు గంటలు అక్కడే కూర్చోవాలి, బిడ్డను ఎత్తుకోవడానికి మరొకరిని వెంట తెచ్చుకోండి. మధ్యలో పాలు పట్టవచ్చు, పరీక్షకు అది అడ్డు కాదు.